ఓబుళమ్మ మూడో పుష్కరం

ఇటు తిరిగి పడుకో బంగారం. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఊఁ కొడుతూ విను.

అనగనగా మబ్బులు పైనుంచి తొంగి చూసి పక్కకు తప్పుకుపోయే ఒక మెట్ట ఊరు. ఆ ఊళ్ళో ఒకటే బావి. ఇరవై బారల తాడు వేస్తేగాని నీళ్ళు అందేవి కావు. ఎండాకాలం వస్తే ఇంటికి రెండు కడవలే. మూడో కడవ తోడబోతే వెనకాల నిలబడ్డవాళ్ళు మూతి ముడుచుకునేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఓబుళమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. మంత్రసాని అంటే, ఊళ్ళలో ఆసుపత్రులు లేని రోజుల్లో పురుళ్ళు పోసే మనిషి. అమ్మ కడుపులోంచి వచ్చే బిడ్డను మొట్టమొదట అందుకునే చేతులు ఆమెవే. ఆ పని ఆమెకు వాళ్ళ అత్త నేర్పింది. అత్త పోయాక చుట్టుపక్కల మూడు ఊళ్ళకూ ఓబుళమ్మ ఒక్కతే దిక్కు. ఆమె మొగుడు చెండ్రాయుడు, నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళకొక జత ఎద్దులు, ఒక బండి, కాస్త కొర్రచేను ఉండేవి.

ఓబుళమ్మకు ఒక కోరిక ఉండేది. కృష్ణానదిని చూడాలి. వాళ్ళమ్మ ఏటి ఒడ్డున పుట్టిన పిల్ల. మెట్టకు కాపరానికి వచ్చి, మళ్ళీ నది మొహం చూడకుండానే కన్నుమూసింది. "అక్కడ నీళ్ళు తోడుకోరే, నీళ్ళలోకి నడిచిపోతారు" అని ఆవిడ చెప్పిన మాట ఓబుళమ్మ చెవిలో ఉండిపోయింది. మెడదాకా నీళ్ళలో కూచుంటే ఎట్లా ఉంటుందో అని పిండి విసురుతూ అనుకునేది, కలుపు తీస్తూ అనుకునేది.

నది రెండు రోజుల బండి దారి. ఊరికే చూసొస్తానంటే నలుగురూ నవ్వుతారు. పుష్కరానికంటే ఎవరూ కాదనరు. కృష్ణకు పన్నెండేళ్ళకొకసారి పుష్కరం వస్తుంది, పన్నెండు రోజులుంటుంది. అందుకని ఓబుళమ్మ పుష్కరం కోసం కాచుకుంది.

మొదటి పుష్కరం వచ్చేసరికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. కొత్త చీర మడతపెట్టుకుంది. అటుకులు మూటకట్టింది. చెండ్రాయుడు ఎద్దుల మెడ మీద కాడి వేశాడు. అప్పుడు గౌనివారింటి పెద్దమ్మ పరుగున వచ్చింది, కోడలికి నొప్పులు మొదలయ్యాయని.

ఓబుళమ్మ బండి దిగింది. ఈ పొద్దుకు తేలిపోతుంది, రేపు పోదాంలే అనుకుంది. తేలలేదు. మూడోనాడు పొద్దెక్కాక మగబిడ్డ పుట్టాడు. ఆ తర్వాత పక్కూళ్ళో కవలలు. ఆ తర్వాత ఒక బాలింతకు జ్వరం. పన్నెండు రోజులూ వేళ్ళ సందుల్లోంచి కొర్రల్లా జారిపోయాయి.

ఏం పోయింది, పన్నెండేళ్ళకు మళ్ళీ రాదా అన్నారు ఊళ్ళో. ఓబుళమ్మ నవ్వింది. పన్నెండేళ్ళు ఎంత పొడుగో నవ్వేటప్పుడు తెలియదు కదా కన్నా.

రెండో పుష్కరం వచ్చింది. అప్పటికి ఓబుళమ్మకు ముప్పై ఎనిమిది. కదిరమ్మ అని ఎనిమిదేళ్ళ కూతురు. ఈసారి ఆమె ముందే జాగ్రత్తపడింది. మూడు ఊళ్ళూ తిరిగి చూలాళ్ళందరి పొట్టలూ తడిమి చూసింది. కుమ్మరి బాలన్న పెళ్ళాం సుంకమ్మకు తొలిచూలు. ఓబుళమ్మ చేయి వేసి చూసి, ఇంకా నెల పైనే ఉందని చెప్పింది. సుంకమ్మ ఆ మాట నమ్మింది. ఊరంతా నమ్మింది.

అప్పుడు బండి కదిలింది. ఊరు దాటింది, కొండ మలుపు దాటింది. ఓబుళమ్మకు మొదట గుండె తేలికపడింది, ఆ తర్వాత అదే గుండె దడదడలాడడం మొదలుపెట్టింది. వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. ఎవరైనా వస్తున్నారా అని చూసింది. ఎవరూ రాకపోతే, వచ్చి దారి తప్పారేమో అని చూసింది.

మధ్యాహ్నం చింతతోపులో ఎద్దులకు నీళ్ళు పెడుతుంటే బాలన్న వచ్చాడు. మోకాళ్ళదాకా దుమ్ము. ఊపిరి అందక, మాట రాక, ఊరివైపు చెయ్యి చూపించాడు.

బండి వెనక్కి తిరిగింది. ఎద్దులు నురగలు కక్కాయి. ఊరు చేరేసరికి పొద్దు గుంకింది. అప్పటికే బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ముసలమ్మలెవరో తమకు తోచింది చేశారు గాని, ఆ పిల్ల ఊపిరి తీసుకోలేదు.

భయపడకు, ఇట్లా దగ్గరికి రా. ఆ పిల్లను ఎవరూ మరిచిపోలేదు, అందుకే నీకూ చెబుతున్నాను.

సుంకమ్మ ఏమీ అనలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. బాలన్న ఏమీ అనలేదు. ఊళ్ళో ఒక్కరూ ఎదురుగా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మర్నాడు ఓబుళమ్మ బావి దగ్గరికి పోతే మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. తాడు గిరక మీద తిరిగే చప్పుడొకటే వినపడింది.

అప్పుడు ఓబుళమ్మ ఇంటికి వచ్చి నదికని దాచుకున్న కొత్త చీర బయటికి తీసింది. పసిబిడ్డల పొత్తిగుడ్డలుగా చింపేసింది. ఆ తర్వాత నది మాట ఎత్తలేదు. ఎవరైనా ఎత్తినా, తనకు పొయ్యి మీద ఏదో ఉన్నట్టు లేచి లోపలికి పోయేది.

నాలుగేళ్ళు గడిచాయి. సుంకమ్మకు మళ్ళీ కడుపు పండింది. ఈసారి ఓబుళమ్మ ఆ ఇంటి గడపలోనే ఉండిపోయింది. పదిహేను రోజులు పక్క ఊరి పిలుపుకు కూడా వణుకుతూనే పోయి, పరుగున తిరిగొచ్చింది. మగబిడ్డ పుట్టాడు, గట్టిగా ఏడ్చాడు. ఓబుళమ్మ కూడా ఏడ్చింది.

మూడు నెలలయ్యాక సుంకమ్మ బిడ్డను చంకనేసుకుని ఓబుళమ్మ ఇంటికి వచ్చింది. తనకూ ఈ పని నేర్పమంది. ఎందుకని ఓబుళమ్మ అడిగింది. ఒక ఊరికి రెండే చేతులుంటే ఏమవుతుందో ఆ రోజు చూశాను కదా అత్తా అంది సుంకమ్మ.

సరేనని నేర్పింది. సుంకమ్మవి కుమ్మరింటి చేతులు. మెత్తనిదాన్ని ఎంత నొక్కాలో, ఎక్కడ వదిలేయాలో వాటికి తెలుసు. పొట్ట తడిమి బిడ్డ తల ఎటుందో చెప్పడం నేర్చుకుంది. నొప్పుల తీరు చూసి వేళ చెప్పడం నేర్చుకుంది. బాలింతకు కాయం మందు ఎప్పుడు పెట్టాలో నేర్చుకుంది. అన్నీ వచ్చాయి. అయినా ఏడేళ్ళు గడిచినా ఓబుళమ్మ ఆమెను ఒక్కదాన్నీ ఏ పురిటికీ పంపలేదు. సుంకమ్మ చేయి వేస్తే, ఆ చేయి మీద తన చేయి వేసేది.

ఇంతలో మూడో పుష్కరం వచ్చింది. ఓబుళమ్మకు యాభై నిండాయి. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. మరో పన్నెండేళ్ళంటే నవ్వి ఊరుకునే వయసు కాదు.

సరిగ్గా ఆ నెలలోనే కదిరమ్మ తొలికానుపుకు పుట్టింటికి వచ్చింది. లెక్క ప్రకారం ఇంకా ఇరవై రోజులుంది. లెక్క ప్రకారం అనే మాట అనుకోగానే ఓబుళమ్మకు ఒళ్ళు చల్లబడేది. సుంకమ్మ పొట్ట మీద చేయి వేసి నెల పైనే ఉందని చెప్పింది కూడా ఈ నోరే కదా.

పుష్కరం మొదలైంది. రోజులు ఒక్కొక్కటే పోతున్నాయి. ఓబుళమ్మ రోజుకు పదిసార్లు కూతురి నడుం చూసేది, నడక చూసేది, కాళ్ళ వాపు చూసేది. రోట్లో పచ్చడి నూరుతూ రోకలి పట్టుకుని ఆగిపోయేది. కదిరమ్మ పోయి రమ్మంది. తల్లి వినిపించుకోలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం సుంకమ్మ వచ్చింది. కదిరమ్మ పొట్ట తడిమి చూసి, చేతులు తుడుచుకుని, ఓబుళమ్మ ఎదురుగా కూచుంది. రేపు పొద్దున బయల్దేరితే స్నానం చేసి ఐదోనాటికి తిరిగి రావచ్చని చెప్పింది. ఓబుళమ్మ తల అడ్డంగా ఊపింది. వాన పడేట్టుందంది. ఎద్దులు ముసలివంది. కొర్రచేలో కలుపుందంది.

అన్నీ విని సుంకమ్మ మెల్లగా అంది. "అత్తా, నువ్వు భయపడేది వానకు కాదు. నా చేతులకు."

ఓబుళమ్మ కూతురివైపు చూసింది.

"నా బిడ్డప్పుడు నువ్వు లేవు. నీ బిడ్డకు నేనుంటాను."

అది దెప్పిపొడుపో, దీవెనో ఓబుళమ్మకు తెలియలేదు. సుంకమ్మ మొహంలోకి చూసింది. రెండూ ఉన్నాయి అక్కడ. ఇన్నేళ్ళు పక్కపక్కన పనిచేసినా ఆ పోయిన పిల్ల మాట వాళ్ళిద్దరి మధ్యకు నేరుగా రావడం అదే మొదలు.

అప్పుడు చెండ్రాయుడు అరుగు మీదినుంచి నోరు విప్పాడు. "నేనైతే పొద్దున్నే బండి కడతా. ఎక్కేదీ ఎక్కనిదీ నీ ఇష్టం."

తెల్లారింది. బండి కట్టాడు. ఓబుళమ్మ ఎక్కింది, దిగింది. లోపలికి పోయి కూతురి తల నిమిరింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దిగి, వాము ఎక్కడుందో, పాత గుడ్డలు ఎక్కడున్నాయో సుంకమ్మకు చెప్పింది. సుంకమ్మ అన్నీ తెలిసినవే అయినా విన్నది. మూడోసారి ఎక్కాక చెండ్రాయుడు ఎద్దుల్ని అదిలించాడు.

దారి పొడుగునా జనం. పాటలు పాడుకునేవాళ్ళు, పొయ్యిలు రాజేసుకునేవాళ్ళు. ఓబుళమ్మకు ఏదీ పట్టలేదు. వెనకనుంచి ఏ కాలి చప్పుడు వినపడినా ఆమె భుజాలు బిగుసుకునేవి. ఆ దారిలో చింతతోపు వచ్చినప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది. ఈసారి ఎవరూ రాలేదు.

రెండోనాటి సాయంత్రం గాలి మారింది. తడి వాసన వేసింది. బండి మిట్ట ఎక్కింది. కింద నది కనపడింది.

ఎంత పెద్దదనుకున్నావు! వానాకాలం కదా, ఎర్రగా, నిండుగా, అవతలి గట్టు మసకగా. ఓబుళమ్మ బండి అంచు కర్ర పట్టుకుని నిలబడింది. వాళ్ళమ్మ చెప్పింది అబద్ధం కాదు. ఇంత నీటిని వదిలి ఆ బావి దగ్గరికి ఎట్లా వచ్చావమ్మా అనుకుంది.

తెల్లవారుజామున రేవులోకి దిగింది. మొదటి మునక అమ్మ పేరు చెప్పి మునిగింది. రెండోది పని నేర్పిన అత్త పేరు చెప్పి మునిగింది. మూడో మునకకు ఎవరి పేరు చెప్పాలో తెలిసింది గాని, ఆ పిల్లకు ఎవరూ పేరు పెట్టలేదు. అందుకని సుంకమ్మ బిడ్డా అని పిలిచి మునిగింది.

ఆ తర్వాత ఒడ్డు దగ్గర మెట్టు మీద మెడదాకా నీళ్ళలో కూచుంది. నది ఆమె వీపు మీదుగా, చేతుల కిందుగా పోతూనే ఉంది. ఎవరూ చాలనలేదు. ఓబుళమ్మ కళ్ళు మూసుకుంది. ఎంతసేపు కూచుందో తెలియదు. ఆ కాసేపు మోకాళ్ళ నొప్పి మరిచిపోయింది. ఊరు మరిచిపోయింది. తనకొక కూతురుందనే మరిచిపోయింది.

ఎవరో పసిపిల్ల ఏడ్చింది. ఓబుళమ్మ ఉలిక్కిపడి లేచింది. మరిచిపోయానే అనుకుంది. తడిచీరతోనే గట్టెక్కి, బండి కట్టమంది. చెండ్రాయుడు ఎద్దులకింకా మేత వేస్తున్నాడు. ఒక పూట ఆగుదామన్నాడు. ఆమె మొహం చూసి లేచాడు.

తిరుగుదారిలో ఆకాశం నల్లబడింది. ఎక్కడో పైన కొండల్లో వాన పడుతోంది. ఓబుళమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోలేదు. నదిలో ఉన్నంతసేపూ ఎంత హాయిగా ఉందో, ఇప్పుడు అంత భయంగా ఉంది. ఆ హాయికి ఏం చెల్లించాల్సి వస్తుందో అని ఆమె మనసు పీకుతోంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నానికి ఊరి ముందరి వంక దగ్గరికి వచ్చారు. పోయేటప్పుడు అది ఒట్టి ఇసుక. ఇప్పుడు గట్లు ఒరుసుకుని పారుతోంది. చెట్టుకొమ్మలు కొట్టుకొస్తున్నాయి. ఎద్దులు అడుగు వేయకుండా మొరాయించాయి.

అవతలి గట్టు మీద గొర్రెల తిమ్మన్న కనిపించాడు. వీళ్ళను చూసి చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచాడు. వంక హోరులో మాటలు ముక్కలైపోయాయి. మూడే మూడు ముక్కలు ఇవతలికి చేరాయి.

"కదిరమ్మ." ఆ తర్వాత "బిడ్డ." ఆ తర్వాత "కాళ్ళు."

మిగతాది నీళ్ళు తీసుకుపోయాయి. తిమ్మన్న చెయ్యి ఊపాడు. రమ్మన్నాడో, లేదన్నాడో తెలియలేదు. ఆ తర్వాత గొర్రెలు చెదిరిపోతుంటే వాటి వెంట పోయాడు.

కాళ్ళు అంటే ఏమిటో ఓబుళమ్మకు తెలుసు. బిడ్డ తలకిందులుగా రావాలి, తల ముందు రావాలి. కాళ్ళు ముందొచ్చాయంటే, ముప్పై ఏళ్ళు పురుళ్ళు పోసిన చేయి కూడా తడబడుతుంది. ఏ పురిటిలోనూ ఒంటరిగా నిలబడని సుంకమ్మ అక్కడ ఒక్కతే ఉంది. ఆమెను ఒంటరిగా నిలబడనివ్వంది ఎవరు? తానే కదా.

ఓబుళమ్మ చీర బిగించి వంకలోకి అడుగేసింది. చెండ్రాయుడు ఆమె రెక్క పట్టుకున్నాడు. "నువ్వు కొట్టుకుపోతే ఆ పిల్లకు రెండు ఏడుపులు" అన్నాడు. ఆమె అక్కడే గట్టు మీద కూలబడింది.

కూచుని నీళ్ళను చూసింది. ఒక రాయిని ఆనవాలుగా పెట్టుకుంది. నీళ్ళు దాని మీదుగా ఎగిరి పడుతున్నాయి. చాలాసేపటికి రాయి తల కనిపించింది. ఇంకా చాలాసేపటికి మెడ కనిపించింది. పొద్దు వాలే వేళకు చెండ్రాయుడు కర్ర పెట్టి లోతు చూసి, బండి దింపాడు.

ఇల్లు చేరేసరికి దీపాల వేళ. ఏడుపు లేదు, నవ్వు లేదు. గుమ్మానికి వేపమండ కట్టి ఉంది. అంటే పురుడు అయిపోయింది. ఎట్లా అయిందో వేపమండ చెప్పదు కదా. ఓబుళమ్మ గుమ్మం ముందే నిలబడిపోయింది.

అప్పుడు సుంకమ్మ బయటికి వచ్చింది. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. జుట్టు ముడి ఊడి భుజం మీద పడి ఉంది.

"ఇద్దరూ బాగున్నారత్తా" అంది.

ఓబుళమ్మ గుంజ పట్టుకుంది. అప్పుడు సుంకమ్మ కూచుని జరిగింది చెప్పింది. నిన్న పొద్దున్నే నొప్పులొచ్చాయి. కాళ్ళు ముందొచ్చాయి. ఓబుళమ్మ నేర్పినట్టు కూచోబెడితే బిడ్డ కదల్లేదు. అప్పుడు తనకు తోచి, కదిరమ్మను చేతుల మీదా మోకాళ్ళ మీదా వంచి నిలబెట్టింది. లాగుదామని చేతులు ఉరికినా లాగలేదు. ఊరికే కింద చేతులు పట్టుకుని కాచుకుంది. పచ్చికుండను సారె మీద తొందరపెడితే సొట్టపోతుంది కదా అని, దానికదే వచ్చేదాకా కాచుకుంది. వచ్చింది. ఆడపిల్ల. వచ్చాక కాసేపు ఏడవలేదు. ఆ కాసేపు తాను కూడా ఊపిరి తీసుకోలేదని చెప్పింది. వీపు రుద్దితే ఏడ్చింది.

అట్లా వంచి నిలబెట్టడం ఓబుళమ్మ ఎప్పుడూ నేర్పలేదు. ఆమెకు తెలియదు కూడా. తానే అక్కడుండి ఉంటే కూచోబెట్టే ఉండేది. ఆ తర్వాత ఏమయ్యేదో అనుకుంటే ఆమెకు వంక గట్టు మీదకన్నా ఎక్కువ భయం వేసింది.

ఆ భయంతోనే లోపలికి ఉరకబోయింది. సుంకమ్మ గడపకు అడ్డంగా చెయ్యి పెట్టింది.

"ఆగత్తా. వంక బురదంతా నీ ఒంటిమీదే ఉంది. చేతులు కడుక్కుని, చీర మార్చుకుని రా. తల్లీపిల్లా ఇప్పుడే పడుకున్నారు. నేను పిలుస్తాను."

ముప్పై ఏళ్ళుగా ఓబుళమ్మ ఏ పురిటింటి బయటా నిలబడలేదు. బయట నిలబడేవాళ్ళను లోపల్నుంచి కసిరేది తానే. ఇప్పుడు ఒక్క మాట మాట్లాడకుండా దొడ్లోకి పోయింది. మోచేతులదాకా చేతులు కడుక్కుంది. పొడిచీర కట్టుకుంది. వచ్చి అరుగు మీద, చెండ్రాయుడి పక్కన కూచుంది. ఇద్దరూ తలుపుకేసి చూస్తూ కూచున్నారు.

నది ఎట్లా ఉందని అప్పుడడిగాడు చెండ్రాయుడు, నాలుగు రోజులు పక్కనే ఉండి కూడా. ఓబుళమ్మ చెప్పబోయింది. అంతలో లోపల్నుంచి సుంకమ్మ గొంతు, అత్తా రా అని. ఓబుళమ్మ లేచి, తలుపు చప్పుడు కాకుండా తోసి, అందరిలాగే తలవంచుకుని లోపలికి పోయింది.

వంక పోయె ఏటికి, ఏరు పోయె కడలికి,
బండి చేరె ఇంటికి, బిడ్డ చేరె ఒడికి,
కథ చేరె కంచికి, కునుకు చేరె కంటికి.